రామకిష్టయ్య సేటు లారీకి ముప్కాల్ సంబంధం

ఆర్మూరులో పెండ్లి సంబంధం కుదరడానికి రెండు వారాలు పడితే, రామకిష్టయ్య సేటు లారీకి ఒక పాత నట్టు కుదరడానికి నెల పడుతుంది. సెకండ్‌హ్యాండు సామాను ఏదైనా సరే, దాని ఇల్లూ వాకిలీ ఆరా తీయకుండా ఆయన ముట్టుకోడు. ఏ లారీది, ఏ ఊరిది, ఏం లోడు మోసింది, ఓనరు నోరు మంచిదేనా, అన్నీ అడుగుతాడు. చివరికి గొంతు తగ్గించి అసలు ప్రశ్న వేస్తాడు: "ఎన్నడన్న బోల్తా కొట్టిందా?"

ఆ మాట వినగానే పక్కనున్న డ్రైవరు ఎల్లయ్యకు దగ్గొస్తుంది. పద్దెనిమిదేళ్లుగా వస్తూనే ఉంది.

పసుపు అడ్తి, అంటే కమీషన్ వ్యాపారం, చేసే సేటుకు ఉన్నది ఒకటే లారీ. కూతురు రాజశ్రీ కంటే అది రెండేళ్లు పెద్ద. అందుకే దాన్ని 'పెద్దపిల్ల' అంటాడు. జనాభా లెక్కలకు వచ్చిన టీచరమ్మకు ఇద్దరు ఆడపిల్లలని రాయించాడు. పెద్దామె ఏంచేస్తుందని ఆమె అడిగితే, "లోడు మోస్తది" అన్నాడు. సేటు భార్య విద్యావతమ్మ వంటింట్లోంచి గరిటెతో పరుగెత్తుకొచ్చి ఆ పేరు కొట్టేయించింది.

ఇక సంబంధాలు తప్పిపోయిన కథలు ఎల్లయ్య రాత్రంతా చెప్పగలడు. తళతళలాడే కమాను స్ప్రింగులు దొరికితే, "చెరుకు మోసిన ఇల్లు. షుగర్ ఉంటది, వద్దు" అన్నాడు సేటు. సీసాలు మోసిన లారీ రేడియేటరును 'తాగుబోతుల ఇల్లు' అని వెనక్కి పంపాడు. ఒకసారి ఒక బంపరు అన్ని పరీక్షలూ నెగ్గింది. తీరా చూస్తే దాని లారీ బాల్కొండ దగ్గర ఒక్కసారి పక్కకు ఒరిగిందట. "పడ్డ ఇంటి పిల్ల మనకెందుకు?" అని లేచి వచ్చేశాడు. ఆరోజు ఎల్లయ్య దగ్గుకు దుకాణం వాళ్లు మంచినీళ్లు తెచ్చిచ్చారు.

ఎందుకంటే ఎల్లయ్య కడుపులో ఒక రహస్యం ఉంది. సేటు దగ్గర చేరకముందు అతను వేరేవాళ్ల లారీ నడిపాడు. దాన్ని కాలువలో బోల్తా కొట్టించాడు. ఆ తర్వాత అతని చేతికి ఎవరూ ఎడ్లబండి పగ్గం కూడా ఇవ్వలేదు. అట్లాంటి రోజుల్లో సేటు చాయ్ హోటల్‌కు వచ్చి, "నా బండి నడుపుతవా?" అన్నాడు. అంతే. నట్టుకు నూరు ప్రశ్నలు వేసే మనిషి తనకు ఒక్కటీ వేయకపోవడం దేవుడి దయ అని ఎల్లయ్య నమ్మకం.

పోయిన పసుపు సీజనులో, వేల్పూరు దాటగానే, పెద్దపిల్ల వెనక యాక్సిల్ రాళ్లు నమిలినట్టు చప్పుడు చేసి ఆగిపోయింది. బస్తాలను వేరే బండికెక్కించి పంపారు. మెకానిక్ శ్రవణ్‌కుమార్ యాక్సిల్ విప్పి తల పట్టుకున్నాడు.

"క్రౌను, పినియను రెండిటి పండ్లూ ఊడినయ్ సేటు." ఇంజను బలాన్ని వెనక చక్రాలకు అందించే పళ్ల జత అది. అది లేనిదే లారీ ఉత్త ఇనుప మంచం.

సేటు కొడుకు మహిధర్ తేల్చి చెప్పాడు. "బాపూ, కొత్త జత పెడితే లారీ కంటె గదే ఖరీదయితది. ఆదివారం దాక చూస్త. అగ్గువకు పాతది దొరికి బండి కదిలిందా, సరే. లేకుంటె సోమవారం తుక్కుకే."

ఎల్లయ్యకు అన్నం సయించలేదు. లారీ తుక్కుకు పోతే యాభై ఆరేళ్ల డ్రైవరు ఎక్కడికి పోవాలి?

శుక్రవారం పెర్కిట్‌లో పాత సామాన్ల దినకర్ దగ్గర జత దొరికింది. అగ్గువ. ఎల్లయ్య అక్కడే దండం పెట్టబోయాడు. సేటు కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"దినకర్, వీండ్లు మొగడుపెండ్లాలు కారు."

"ఏంది సేటు?"

"నెంబర్లు జూడు. ఇద్దరివీ వేరు. నువ్వు పీటల మీద ఊకెనే కూసోవెట్టినవ్."

ఎల్లయ్య బతిమాలాడు. "సేటు, ఎల్లుండే ఆదివారం. జర సర్దుకుందాం."

కానీ వాళ్ల వెంట వచ్చిన శ్రవణ్‌కుమార్ సేటు పక్షం చేరాడు. ఈ రెండింటినీ కంపెనీలోనే జతగా అరగదీసి ఒకే నెంబరు కొడతారట. జత మారితే యాక్సిల్ నక్కలా ఊళ పెడుతుందట. సేటు పిచ్చికి మెకానిక్ సాక్ష్యం దొరకడం అదే మొదటిసారి.

"గీ పినియన్‌కు అసలు జోడేది?" అడిగాడు సేటు.

"ముప్కాల్ మల్లయ్య లారీది. పోయినేడు ఆయన పోయిండు. ఆయన పెండ్లాం భూమవ్వ బండి అమ్మింది గని, క్రౌన్ మాత్రం ఇయ్యలే. ఎంత అడిగినా ఇయ్యలే."

శనివారం పొద్దున్నే సేటు, ఎల్లయ్య ముప్కాల్ పోయారు. భూమవ్వ వాకిట్లో కోళ్ల గంప, పిల్లులు దాన్ని దొర్లించకుండా బరువుగా దాని మీద క్రౌను. సేటు ధర మాటెత్తలేదు. కుర్చీలో కూర్చుని కండువా సర్దుకున్నాడు.

"చెల్లె, సంబంధం అడగొచ్చినం."

"నాకు పిల్లలే లేరాయె! ఎవల్ని అడుగుతున్రు?"

"గా గంప మీద కూసున్న పిల్లను."

భూమవ్వ వాళ్లిద్దరినీ ఎగాదిగా చూసింది. తర్వాత కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు ఆపుకుని, తనూ పీట వాల్చుకుని కూర్చుంది. "అయితె నేను గూడ అడుగుత. మీ లారీ ఏం మోస్తది?"

"పసుపు."

"శుభమే. డ్రైవర్ తాగుతడా?"

"తాగుతడు. చాయ్, బకెట్లకు బకెట్లు."

"అత్త పోరున్నదా?"

"నా కొడుకు మహిధర్ ఉన్నడు. అత్తకు ఎక్కువ."

అంతా బాగానే పోతోంది. అప్పుడు సేటు గొంతు తగ్గించాడు. ఎల్లయ్య వద్దు వద్దని సైగ చేసేలోపే అడిగేశాడు. "చెల్లె, ఎన్నడన్న బోల్తా కొట్టిందా?"

ఎల్లయ్యకు దగ్గందుకుంది.

భూమవ్వ తల దించుకుంది. "అబద్ధమెందుకన్న? ఒకపారి కాలువల పడ్డది. మా ఆయనకు కన్నంటుకుంది."

అయిపోయింది అనుకున్నాడు ఎల్లయ్య. సోమవారం రావలసిన తుక్కువాళ్లు అప్పుడే వచ్చేసినట్టు కనబడ్డారు.

"పడ్డంక?" అన్నాడు సేటు.

"పన్నెండేండ్లు నడిచింది. మల్ల ఒరగలే. పడ్డనాటి సంది ఇంకింత పైలంగ నడిపిండు."

"గట్లనే ఉంటది చెల్లె. మా స్టీరింగ్ గూడ కాలువల పడ్డ ఇంటిదే. పద్దెనిమిదేండ్లాయె, ఒక్క గీత పడనియ్యలే."

స్టీరింగ్ అన్నాడే గానీ, చూసింది ఎల్లయ్య వైపు. ఎల్లయ్య దగ్గు సగంలో ఆగిపోయింది.

భూమవ్వ రెండు షరతుల మీద పిల్లనిచ్చింది. ఒకటి, గంప మీదికి వేరే బరువు కావాలి. "మా పండ్లూడినదాన్ని పంపుత. కోళ్లను కరువది" అన్నాడు సేటు. రెండోది, అమర్చినాక లారీని తన వాకిటికి తెచ్చి చూపించాలి.

దినకర్ దగ్గరి పినియనుతో ఆ క్రౌను జత కలిసింది; ఆదివారం మధ్యాహ్నానికి పెద్దపిల్ల చప్పుడు లేకుండా కదిలింది. మహిధర్ లారీ చుట్టూ రెండుసార్లు తిరిగి, తుక్కువాళ్లకు ఫోన్ చేసి రావద్దన్నాడు. సాయంత్రం ముప్కాల్ వాకిట్లో హారన్ మోగింది. భూమవ్వ ఇస్త్రీ చీర కట్టుకుని క్యాబినెక్కి, పోచంపాడు డ్యాం దాకా పోయి వచ్చింది. దారిపొడవునా తెలిసినవాళ్లకు చెయ్యూపింది.

తిరుగుదారిలో ఎల్లయ్య ధైర్యం చేశాడు. "సేటు, గా స్టీరింగ్ సంగతి మీకెప్పటి సంది ఎరుక?"

"తెచ్చిననాటి సంది."

"పడ్డ ఇంటి సామాను మీరు ముట్టరు గద!"

"నేను స్టీరింగ్ కోసం పోలే ఎల్లయ్యా. గా కాలువల పడ్డ లారీ నడిపినోడు పని దొరకక చాయ్ హోటల్ల తల వంచుకొని కూసుంటున్నడంటె, వాని కోసం పోయిన. గా లారీ స్టీరింగ్ వాని ఎంబడి సారె కింద వచ్చింది."

ఎల్లయ్య గేరు మార్చాడు. "మరి గా బాల్కొండ బంపర్?"

"గది తుప్పువట్టింది."

"మరి గిన్నేండ్ల సంది అందర్నీ బోల్తా కొట్టిందా అని ఎందుకడుగుతున్నరు?"

"నువ్వు దగ్గుతవని" అన్నాడు సేటు.

మరుసటి వారం దినకర్ దుకాణంలో ఒక పాత సైలెన్సరు చూశారు. సేటు దాని ఊరూ పేరూ అన్నీ కనుక్కుని, గొంతు తగ్గించి, "ఎన్నడన్న బోల్తా కొట్టిందా?" అన్నాడు. ఎల్లయ్యకు దగ్గు రాలేదు. సేటు ఆగి, కళ్లద్దాల పైనుంచి అతని వైపు చూస్తూ నిలబడ్డాడు.

పెద్దమనిషిని నిరాశపరచడం ఎందుకని, ఎల్లయ్య గొంతు సవరించుకుని, దుకాణం రేకులు అదిరేలా దగ్గాడు.