కంప్యూటర్‌కు మగ్గం నూనె

2021 మే 9, ఆదివారం. సూరత్, అడాజన్‌లోని మా ఫ్లాటు. ఉన్నవారు: నేను, నా భార్య, పదమూడేళ్ల మనవరాలు, మధ్యాహ్నం నుంచి నా బామ్మర్ది.

ఉద్యోగంలో చేరిననాటి నుంచి నా డైరీ ఇలాగే మొదలవుతుంది. తేదీ, ఊరు, ఆ రోజు ఇంట్లో ఉన్నవారు. ఆ రోజుల్లో మాత్రం ఆ వరుసలో మా అమ్మాయిని కూడా రాయబోయి చెయ్యి ఆపుకునేవాణ్ణి. ఏప్రిల్‌లో కరోనాతో పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తేనివ్వలేదు. మనవరాలు తల్లి ముఖం కూడా చూడలేదు. అల్లుడు వేరే కాపురం పెట్టుకుని చాలా ఏళ్లయింది. పిల్లకు మేమిద్దరమే మిగిలాం.

పిల్ల ఏడవలేదు. ధైర్యం అనుకున్నాం. తర్వాత మాట్లాడటం మానేసింది. కంచం ముందు పెడితే రెండు ముద్దలు తిని లేచి గదిలోకి పోయేది. నా భార్య తలుపు దగ్గర కూర్చుని ఎంత బతిమాలినా లోపలి నుంచి ఉలుకూ పలుకూ ఉండేది కాదు. డాక్టరుకు ఫోన్ చేస్తే, తోటి పిల్లలతో మాట్లాడించండి అన్నాడు. ఆ పిల్లలు కలిసేది కంప్యూటర్ ఆటలోనే. ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని ఆడుతూ మైకులో కబుర్లు చెప్పుకుంటారు. వాళ్లంతా ఈ మధ్యే ఒక కొత్త ఆటకు మారారు. నేను రిటైరైన ఏడాది కొన్న చవక కంప్యూటర్లో అది తెరుచుకోదు. సెలవుల్లో బాగు చేయిస్తానని తల్లి మాట ఇచ్చింది.

నాకు చేతికందిన దారి అదొక్కటే. ఇది కూడా తప్పితే పిల్ల మాకు దక్కదనే భయం పట్టుకుంది. రెండు ర్యామ్‌లు, ఒక గ్రాఫిక్స్ కార్డు కావాలని తెలుసుకున్నాను. దుకాణాలు మూసి ఉన్నాయి. భేస్తాన్‌లో ఉండే బామ్మర్దికి చెప్పాను. అతను జోల్వాలో మరమగ్గాల మేస్త్రీ. ఆదివారం మధ్యాహ్నం ఎండలో సైకిల్ తొక్కుకుంటూ వచ్చి, గుమ్మంలోనే నిలబడి ఒక పొట్లం చేతికిచ్చాడు.

"మా శేఠ్ కొడుకు కొత్త కంప్యూటర్ కొన్నడు బావా. పాతదాంట్లకెల్లి గివి పీకిచ్చిన. మాల్ మంచిగున్నది. జర సాఫ్ గూడ చేసిన."

నేను వీడియోలు చూసి రాసుకున్న కాగితం తీశాను. అతను మాస్కులోంచే నవ్వాడు.

"గిది గూడ కాయితం చూస్కుంటనే చేస్తవా? అక్కా, పెండ్లిల తాళి గూడ కాయితం చూసే కట్టిండా ఏంది?"

నా భార్య ఫక్కున నవ్వింది. వెంటనే చెంగు నోటికి అడ్డం పెట్టుకుని పిల్ల గది వైపు చూసింది. ఆ తలుపు కదల్లేదు.

కరెంటు తీసేశాను. మూత విప్పి దుమ్ము దులిపాను. పాత ర్యామ్ తీసి కొత్తవి బిగించాను. అవి మెరుస్తున్నాయి. అంత మెరుపు చూసి, ఎక్కువ వాడినవి కావని సంతోషించాను. కార్డు పెట్టి స్విచ్ వేశాను. ఫ్యాన్ తిరిగింది, తెర వెలగలేదు. లోపలి నుంచి పీప్‌మని కూత మొదలైంది. ఆగుతుంది, మళ్లీ కూస్తుంది. అన్నీ తీసి పెట్టాను. అటుది ఇటు, ఇటుది అటు మార్చాను. చివరికి పాత ర్యామే తిరిగి పెట్టాను. అదీ అదే కూత. కాగితం మీద ఇక చేయవలసింది ఏమీ లేదు. స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాను.

"ఉన్నది గూడ పాడు చేస్తిరి," అంది నా భార్య. "ఇగ దానికి ఏం చెప్తరు?"

బామ్మర్ది వంగి చూశాడు. "నూనె సరిపోలేదేమో బావా."

"ఏం నూనె?"

"పుర్జా ఎక్కిచ్చేముందు నూనె పెట్టాలె గద. మగ్గం నూనె, రెండు దిక్కుల పూసిన. గందుకే అంత సులువుగ దిగింది."

వెనుక తలుపు చప్పుడైంది. కూతకో, ఆ మాటకో, పిల్ల వచ్చి నిలబడింది.

"చిన్నతాతా! ర్యామ్‌కి తేల్ కౌన్ లగాతా హై? పాగల్ ఛే కే షూ? తాతా, నువ్వు కూడా చూసుకోలేదా?"

ర్యామ్‌కి ఎవరైనా నూనె పూస్తారా, పిచ్చా అని అరుస్తూనే ఉంది, తెలుగు, హిందీ, గుజరాతీ కలిపి. అన్ని రోజుల తర్వాత విన్న గొంతు అది. బామ్మర్ది తల వంచుకుని, "తిట్టు బిడ్డా, ఇంకా తిట్టు," అన్నాడు. పిల్ల కంప్యూటర్ పెట్టెనూ తెరనూ పట్టుకుపోయి తలుపు వేసుకుంది. రాత్రి అన్నం ముట్టలేదు. తిట్టినందుకు సంతోషించాలో, తినలేదని ఏడవాలో మాకు తెలియలేదు. ఆ కంప్యూటర్ కూడా చెడిందని తేలితే పిల్ల ఏమైపోతుందోనని ఇద్దరం నిద్రపోలేదు.

మర్నాడు పొద్దున పాలు కాచి గ్లాసు పట్టుకుని వెళ్లాను. తలుపు ఓరగా తెరిచి ఉంది. బల్ల మీద స్పిరిట్ సీసా, నూనె తుడిచి నల్లబడిన దూది, అరిగిన రబ్బరు. తెర వెలుగుతోంది. బొమ్మలు ఆగి ఆగి కదులుతున్నాయి. స్పీకర్లో ఒక ఆడపిల్ల గొంతు హిందీలో నవ్వుతూ అడుగుతోంది: "ఇత్నే దిన్ కహా థీ? మమ్మీనే ఫిర్ సే పీసీ బంద్ కర్ దియా క్యా?" ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావు, అమ్మ మళ్లీ కంప్యూటర్ ఆపేసిందా అని.

తల్లి పోయిందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి మాకు తట్టనేలేదు.

మనవరాలు మైకు దగ్గరికి వంగి, "మమ్మీ నహీ రహీ," అంది.

అప్పుడు పిల్ల బల్ల మీద తల వాల్చి గొంతెత్తి ఏడ్చింది. వంటింట్లోంచి నా భార్య పరిగెత్తుకొచ్చింది. లోపలికి పోకుండా ఆమె భుజం పట్టుకున్నాను. తెర మీద ఆ పిల్లల బొమ్మలు ఆట వదిలేసి, ఒక్కొక్కటే వచ్చి మనవరాలి బొమ్మ పక్కన నిలబడుతున్నాయి.