బాబాయి కొనుక్కొచ్చిన తాత

పిన్ని వాళ్ళింట్లో హాలు గోడ నిండా మావాళ్ళే. మా తాత, ముత్తాత, ముగ్గురు మేనమామలు. బాబాయి తరఫున ఒక్క మొహం లేదు. చిన్నప్పుడే అంతా పోయారు, ఫొటో కూడా మిగల్లేదు. "మీవాళ్ళెవరూ లేరా?" అని ఎవరైనా అడిగితే మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి జారుకునేవాడు.

ఒక ఆదివారం నన్ను వెంటేసుకుని ఫ్రేముల దుకాణానికి వెళ్ళాడు. గుర్రాలూ సూర్యాస్తమయాలూ దాటుకుని ఒక ముసలాయన ముందు ఆగాడు. ఎర్ర టోపీ, తెల్ల గడ్డం, నిద్ర లేపినవాణ్ణి చూసినట్టు చూపు. ఎక్కడో మ్యూజియంలో ఉన్న పాత చిత్రానికి ప్రింటట. అసలుదాని మీద రంగు పగిలిన గీతలు కూడా అచ్చుపడ్డాయి.

"ఎవరండీ ఈయన?"

"ఎవరికీ తెలీదంట సార్."

"అయితే ఇదే ఇవ్వండి."

ఇంటికొచ్చి మా తాత పక్కనే మేకు కొట్టాడు. పిన్ని నడుం మీద చెయ్యేసుకుంది.

"ఎవరీయన?"

"మా తాత."

"అంత ముక్కేంటి? మీకు ఇంతే ఉందిగా."

"నాకు అమ్మ పోలిక."

బాబాయి బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సూపర్‌వైజరు. అక్కడ అందరూ 'రేడియో' అని పిలిచే మనిషి ఒకసారి టీ తాగడానికొచ్చి, గోడ చూసి అడిగితే, తాత గడియారాలు బాగుచేసేవాడని చెప్పి పంపాడు బాబాయి. మర్నాటికల్లా, ఆ గడియారాల తాత సంగతి ఫ్యాక్టరీ అంతా పాకింది.

తర్వాత కొత్త మేనేజరు తన ఫ్లాట్‌కి అందరినీ టీకి పిలిచాడు. పిన్నితో పాటు నేనూ వెళ్ళాను. హాల్లో అదే ఎర్ర టోపీ, ఇంకా పెద్ద ఫ్రేములో.

"మా ఆయన తాతగారు. పడవల వ్యాపారం" అంది మేనేజరు భార్య.

రేడియో బాబాయి వైపు తిరిగాడు. "ఈయన మీ తాత కదన్నా?"

కప్పులు ఆగిపోయాయి. మేనేజరు మొహం బిస్కెట్ పిండిలా పాలిపోయింది. బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"మా నాన్నకి నాన్నండీ."

మేనేజరు ఊపిరి పీల్చుకున్నాడు. "నాకు అమ్మకి నాన్న."

"అయితే మీరు బావాబావమరుదులు" అంది పిన్ని, నవ్వాపుకుంటూ.

"మరి పడవలా, గడియారాలా?" రేడియో వదల్లేదు.

"ముందు పడవలే. చూపు తగ్గాక గడియారాల్లోకి దిగాడు" అన్నాడు బాబాయి.

"అవునవును, నాకూ గుర్తే" అన్నాడు మేనేజరు.

వెళ్ళేటప్పుడు గేటు దాకా వచ్చి మేనేజరు గొంతు తగ్గించాడు. "ఎక్కడ కొన్నారు?"

బాబాయి కదల్లేదు. "తాతని ఎవరైనా కొంటారా అండీ?"

"కొనరు బావా" అని మేనేజరు బాబాయి చెయ్యి పట్టుకున్నాడు. "మా అమ్మాయి పెళ్ళి కుదిరింది. నా తరఫున కూర్చోడానికి ఎవరూ లేరు. మీరు రావాలి."

బాబాయి ఇంటి ముందు స్కూటరు ఆపి, దిగకుండా అన్నాడు:

"బావన్నాక వెక్కిరించాలి కదరా. సోమవారం పొద్దున్నే మేనేజర్ని ఏమని వెక్కిరించను?"