శాటిలైట్ అంకె చూశాకే రీడింగు

మధ్యాహ్నం రెండున్నరకు శాటిలైట్ అంకె కంప్యూటర్‌లోకి వచ్చేదాకా సీనియర్ అబ్జర్వర్ రిజిస్టర్ మీద పెన్ను పెట్టడు. ఆఫీసు డాబా మీద, ఆ శాటిలైట్ లాగే ఆకాశంలోని ఓజోన్‌ను కొలిచే యంత్రం ఉంది. పన్నెండింటికి టోపీ పెట్టుకుని మెట్లెక్కుతాడు. యంత్రాన్ని ఎండకు తిప్పి, ముల్లు సున్నా మీద నిలిచేదాకా డయలు సవరించి, వచ్చిన అంకెను పెన్సిల్‌తో రాసుకుంటాడు. అంతవరకు పని తెలిసినవాడే. భోంచేసి, పళ్ళు కుట్టుకుంటూ వచ్చి, శాటిలైట్ అంకె చూస్తాడు. పెన్సిల్ రాతను రబ్బరుతో చెరిపేసి, శాటిలైట్ అంకెకు ఒకటో రెండో అటూ ఇటూగా సిరాతో ఎక్కిస్తాడు.

శాటిలైట్ చెప్పేది నిజమో కాదో నేల మీంచి కొలిచి చెప్పినందుకే ఆయనకు జీతం. ఈయన శాటిలైట్‌నే అడిగి దానికి సాక్ష్యం చెబుతాడు.

ఇంట్లోనూ అంతే. "పక్కింటాయన గొడుగు విప్పితే గానీ వాన పడుతోందని మీకు తెలీదు కదండీ," అంటుంది భార్య. ఆయన నొచ్చుకోడు. శాటిలైట్‌తో తేడా అతి తక్కువగా వచ్చే పరిశీలకుడని ఆఫీసు ఇచ్చిన ప్రశంసాపత్రం హాల్లో వేలాడుతోంది మరి.

ఆయన రాని రోజుల్లో డయలు తిప్పేది జూనియర్ అమ్మాయి. వచ్చిన అంకెను వచ్చినట్టే రాస్తుంది. రెండేళ్ళుగా అది శాటిలైట్ కంటే మొదట రెండు, తర్వాత ఐదు, ఇప్పుడు తొమ్మిది యూనిట్లు ఎక్కువ వస్తోంది.

"ఏమ్మా, కళ్ళు చూపించుకున్నావా?" అన్నాడు సీనియర్ ఒకరోజు.

"చూపించుకున్నాను సార్. యంత్రం సరిగ్గా ఉందో లేదో దీపం పెట్టి పరీక్షించాను కూడా. రెండూ బాగానే ఉన్నాయి."

"అయితే పైన తిరిగే అంత పెద్ద శాటిలైట్ తప్పు, నువ్వూ నీ డాబా రైటా?"

"ఏమో సార్. అది తేల్చడానికే కదా మనల్ని పెట్టింది."

ఆ జవాబు ఆయనకు గుచ్చుకుంది. ఆమెను యంత్రం దగ్గర్నుంచి తప్పించి, ఒకటో తేదీ నుంచి స్టోర్‌రూములో వేయాలని కాగితం పెట్టాడు. అందులో సూపరింటెండెంట్ సంతకం ఒక్కటే బాకీ.

ఇరవై ఎనిమిదిన శాటిలైట్ సంస్థ నుంచి మెయిల్ వచ్చింది. సెన్సర్ ముందున్న అద్దం ఎండకు మసకబారుతూ వచ్చిందనీ, రెండేళ్ళుగా ఓజోన్‌ను తక్కువ చూపిస్తోందనీ రాశారు. పాత అంకెలన్నీ సరిదిద్ది పంపి, మళ్ళీ పోల్చమన్నారు.

సూపరింటెండెంట్ పోల్చి చూశాడు. అమ్మాయి అంకెలకు ఒక యూనిట్ తేడా కూడా రాలేదు. సీనియర్‌వి మాత్రం ఆ అద్దంతోపాటే మెట్టు మెట్టుగా కిందికి దిగాయి.

"ఏంటండీ ఇది? అక్కడ అద్దం మసకబారిన రోజు నుంచే మన డాబా కూడా మసకబారిందా?"

సీనియర్ సిగ్గుపడలేదు. పైగా అన్యాయం జరిగినవాడిలా మొహం పెట్టాడు.

"ఈ కొత్త అంకెలు అప్పుడే పంపి ఉంటే, నేనూ ఇవే రాసేవాణ్ణి కదండీ!"

స్టోర్‌రూము కాగితం మీద సంతకం పడలేదు. పోలిక పట్టికలోంచి సీనియర్ రాసిన ఆరువందల పన్నెండు రోజులనూ కొట్టేశారు. మిగిలినవి అమ్మాయివి, నూటపద్దెనిమిది.