భుజం ఒప్పుకున్న తుపాకి

ఆ ఉదయం జడ వేసుకుందామని కుడి చెయ్యి వెనక్కి పెట్టాను. అది చెవి దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకాస్త ఎత్తబోతే భుజం లోపల పట్టకారుతో పట్టి తిప్పినట్టయింది, దువ్వెన జారి కింద పడింది. వంటింట్లోంచి మా ఆయన "ఏమాయె?" అని అడిగితే "ఏమీ లేదు, దువ్వెన జారె" అన్నాను. ముందు రోజే మా వాళ్ళ పారివేటలో నేను తుపాకి పేల్చి వచ్చాను.

పారివేట గురించి తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. కోవిల్‌పట్టి చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్ళలో తెలుగు మాట్లాడే రైతు కుటుంబాలు మావి. విజయదశమి మర్నాడు మా తాతలు జింక వేటకి వెళ్ళేవారు. చట్టం వచ్చింది, వేట పోయింది. పోవలసిందే, దాని గురించి నాకు ఏ బాధా లేదు. ఆచారం మాత్రం పోలేదు. ఇప్పుడు మా అయిదిళ్ళ వాళ్ళం విరుదునగర్ దగ్గరున్న రైఫిల్ క్లబ్ రేంజ్‌లో అనుమతి తీసుకుని కలుస్తాం. వేపచెక్కతో కోసి, కావి పూసి, సున్నం చుక్కలు పెట్టిన జింకను నిలబెడతాం. ఇంటికొకరు మూడేసి గుళ్ళు కొడతారు. తర్వాత భోజనాలు. ఒక ఏడు ఏ ఇంటి నుంచి ఎవరూ కొట్టకపోతే ఆ ఇంటి వంతు దాయాదులకు పోతుంది, మళ్ళీ తిరిగి రాదు.

మా ఇంటి వంతు మా నాయనది. నేను ఆయనకు ఒక్కతే బిడ్డను. ఆయన పోయాక లైసెన్సూ, పెద్ద గుండు వేసే ఆయన పాయింట్ త్రీ వన్ ఫైవ్ రైఫిలూ నా పేరుకి మారాయి. పెళ్ళై కోవిల్‌పట్టిలో స్థిరపడి, మా ఆయన నడిపే అగ్గిపెట్టెల లేబుళ్ళ ప్రెస్సులో సగం పని చూసుకునే ఆడదాన్ని తుపాకి పట్టుకుంటానంటే ఎవరూ వద్దనలేదు. వద్దనకుండా చూస్తూ ఉన్నారు. అది ఇంకా కష్టం.

మా సిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, ఆ మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి వచ్చి, నేను ఎడమ చేత్తో విస్తరి పట్టుకోవడం చూశాడు. "పాపా, నీకు కష్టమంటే సెప్పు. మా ఇంటోళ్ళు కొడతారు. దాంట్లో వెక్కం ఏముండాది?" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. కానీ వెక్కం అనే మాట, అంటే సిగ్గు, నా నోట్లో లేనిది ఆయన నోట్లోంచే వచ్చింది. "నాకేమి కష్టం, సిన్నాయనా" అన్నాను. ఆ రోజు నుంచి నొప్పి నా సొంత రహస్యమైపోయింది.

మొదటి డాక్టరు దగ్గర "బియ్యం మూట ఎత్తాను" అని చెప్పాను. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. "మజిల్ స్ట్రెయిన్ అమ్మా, రెస్ట్ ఇవ్వండి" అని మాత్రలు రాశారు. మాత్ర వేసుకున్నంతసేపు బాగుండేది. ఆ ధైర్యంతో నేను నెలకొకసారి రేంజ్‌కి వెళ్ళి భుజం మీద తువ్వాలు మడిచి పెట్టుకుని, దాని మీద రైఫిల్ ఆనించి కొట్టేదాన్ని. రీకాయిల్ అని ఇంగ్లీషులో అంటారు, మేము తన్ను అంటాం. తువ్వాలు పెడితే తన్ను తగ్గుతుందని నా తెలివి. అది జారేది, మళ్ళీ సర్దుకునేదాన్ని. కళ్ళు మూసుకుని ట్రిగ్గర్ నొక్కుతున్నానని కూడా నాకు తెలియదు. గుళ్ళు మాత్రం జింక కాళ్ళ కింద మట్టిలో పడేవి.

మరుసటి ఏడు పారివేటలో మూడో గుండు పేల్చాక చెయ్యి మోచేతి దాకా మొద్దుబారింది. రైఫిల్ కింద పెట్టలేక మోకాలి మీద ఆనించి నిలబడ్డాను. అందరూ చూస్తున్నారు కదా, నవ్వుతూనే నిలబడ్డాను.

ఈసారి డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళలేదు. ఎవరో చెబితే కట్టు కట్టే వైద్యుడి దగ్గరికి వెళ్ళాను. ఆయన కోడిగుడ్డు తెల్లసొన పూసిన గుడ్డతో నా చేతిని ఛాతీకి చేర్చి బిగించి కట్టాడు. వారాల తరబడి అలాగే ఉన్నాను. కట్టు విప్పిన రోజు చెయ్యి అక్కడే ఉండిపోయింది. నేను లాగితే రాలేదు, మా ఆయన పట్టి ఎత్తబోతే నేను అరిచాను. ఆయన అప్పుడు మాత్రం నన్ను అడగలేదు. "సాలు. పెద్దాసుపత్రికి పోదాం, కారు ఎక్కు" అన్నాడు.

విరుదునగర్‌లో ఎమ్మారై తీశారు. ఆ గొట్టంలో పడుకున్నంతసేపు నాకు కొత్తగా భయం వేయలేదు. అప్పటికే నా చెయ్యి ఒక గొట్టంలో ఉంది. ఆర్థో డాక్టరు ఫిల్మ్ వెలుతురుకి పెట్టి తమిళంలో నిదానంగా చెప్పారు. "సుప్రాస్పైనేటస్ అని చెయ్యి ఎత్తే కండరం, దాంట్లో పార్షియల్ టియర్, అంటే కొంత చిరుగు ఉంది. దాని మీద ఫ్రోజెన్ షోల్డర్ వచ్చి కీలు బిగుసుకుపోయింది. కదలకుండా కట్టి ఉంచారు కదా, అందుకే. షుగర్ ఎప్పుడు చూపించుకున్నారు?" ఎప్పుడూ చూపించుకోలేదు. చూస్తే అది కూడా ఉంది.

తర్వాతి నెలలు నేను ఇంట్లో ఖైదీని. జాకెట్టు హుక్కులు మా ఆయన పెట్టాలి. బండి నడపలేను. బస్సులో పైన కమ్మీ పట్టుకోలేను, కాబట్టి బస్సు ఎక్కలేను. కుడి పక్కకి తిరిగి పడుకోలేను. పెళ్ళిళ్ళకి పిలిస్తే ఎడమ చేత్తో చెంచా పెట్టుకుని తినాల్సి వస్తుందని మానేశాను. బయటికి వెళ్ళే దారి ఒకటే ఉంది, ఆసుపత్రికి. చచ్చేంత విసుగొచ్చింది. ఎదురుగా అలమరలో నాయన రైఫిల్ తాళం వేసి ఉండేది. దాన్ని చూస్తే కోపం, చూడకపోతే దసరా ఎన్ని నెలలుందో లెక్క. నొప్పి తగ్గేలోపు దసరా వస్తే కొట్టలేను, కొట్టకపోతే వంతు పోతుంది. చెయ్యి ఒక పక్క, నాయన పేరు ఒక పక్క. ఎటు తిరిగినా గోడే.

నిజం బయటపెట్టింది ఫిజియోథెరపీ చేసే అమ్మాయి. నా చేతిని గోడ మీద వేళ్ళతో పాకిస్తూ "అక్కా, మూట ఎత్తితే ఇక్కడ చర్మం ఇలా నల్లగా మచ్చ కట్టదు. ఏం చేశారు?" అని అడిగింది. చెప్పాను. ఆ అమ్మాయి నవ్వలేదు. మూలనున్న చేతికర్ర తెచ్చి ఎడమ చేతిలో పెట్టి "ఎలా పట్టుకుంటారో చూపించండి" అంది. ఎడమ భుజానికి పెట్టి, అలవాటు కొద్దీ మెడ సాచి, చెయ్యి చాచి చూపించాను. "ఆ తుపాకి ఎవరికి చేశారు?" అంది.

మా నాయనకి. ఆయన ఆరడుగుల మనిషి. నేను పక్కన నిలబడితే ఆయన చొక్కా జేబు దాకా వచ్చేదాన్ని. ఆయన కొలతకున్న కట్టెను, అంటే తుపాకి వెనకుండే చెక్క భాగాన్ని, పట్టుకోవాలంటే నేను మెడ సాచి, చెయ్యి చాచి, దాని వెనక భాగాన్ని భుజం గుంటలో కాకుండా చెయ్యి భుజంతో కలిసే కీలు మీద పెట్టుకోవలసి వచ్చేది. ప్రతి గుండూ సూటిగా కీలునే తన్నింది. పైగా తువ్వాలుతో దాన్ని నేను ఇంకా ముందుకి జరిపాను.

డాక్టరుకు కూడా చెప్పేశాను. ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "ఇంకొక్క హెవీ రీకాయిల్ పడితే ఫుల్ టియర్. అప్పుడు సర్జరీ, ఆ తర్వాత కూడా నేను గ్యారంటీ ఇవ్వను. చెయ్యి కావాలా, ఆ రైఫిల్ కావాలా, మీరే చెప్పండి." చెయ్యే కావాలని వెంటనే అనలేకపోయినందుకు నాకే అసహ్యం వేసింది.

మధ్యలో ఒక దెబ్బ తగిలింది. నొప్పికి స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు, భుజం వదులైంది, నేను సంబరపడ్డాను. ఆ వారమే షుగర్ ఎక్కడికో ఎగిసింది. కళ్ళు తిరిగి మంచం పట్టాను, ఫిజియో ఆగిపోయింది. లేచి చూసుకునేసరికి చెయ్యి మళ్ళీ పాత చోటికే బిగుసుకుంది. ఫిజియో అమ్మాయి మళ్ళీ మొదటి నుంచి నా వేళ్ళను గోడ ఎక్కించింది.

చెయ్యి భుజం ఎత్తుకి లేచాక రేంజ్ కోచ్ దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అప్పటికి అబద్ధాలు చెప్పే ఓపిక అయిపోయింది. మదురైలో ఒక కొట్టువాడు చూపించిన తేలికపాటి రైఫిల్ కొందామనుకుంటున్నానని కూడా చెప్పాను. తేలికైతే భుజానికి హాయి అనుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "తూకం తగ్గితే తన్ను పెరుగుతుందమ్మా. అదే గుండుకి బరువైన తుపాకి కొంత తన్నును తనే మింగేస్తుంది. మీకు కావలసింది చిన్న గుండు, బరువైన తుపాకి, పొట్టి కట్టె."

చిన్న గుండు వేసే క్లబ్బు పాయింట్ టూ టూ రైఫిల్‌ను ఇసుక సంచి మీద ఆనించి నా ముందు పెట్టారు. అందులో మందు లేని ఉత్త గుండు పెట్టారని నాకు చెప్పలేదు. ట్రిగ్గర్ నొక్కాను. చిన్న టక్కుమనే శబ్దం తప్ప ఏమీ పేలలేదు. అయినా గొట్టం మూతి కిందికి పడింది, నా కళ్ళు మూసుకుపోయాయి, భుజం వెనక్కి పారిపోయింది. పేలని తుపాకికి భయపడ్డాను. "చూశారా, తుపాకి తన్నలేదు. మీరే ముందుగా దెబ్బ తినేశారు" అన్నారు. కీలు మానినా ఒళ్ళు ఇంకా మానలేదని అప్పుడు తెలిసింది. ఏ గుండు పేలుతుందో ఏది పేలదో తెలియకుండా వారాల తరబడి కొట్టించారు, నా కళ్ళు తెరిచి ఉండే దాకా.

నాయన రైఫిల్‌నే బాగు చేయించుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. కట్టెను రెండంగుళాలు కోసి వెనక రబ్బరు ప్యాడ్ వేస్తే సగం బాధ పోయేది. కానీ అది ఏటా ఆయుధపూజలో గంధం, కుంకుమ పెట్టిన కట్టె. "పూజ సేసిన దానిని కోస్తామా, పాపా? సామి సొత్తు అది" అన్నాడు సిన్నాయన. నా చిన్నప్పటి నుంచి విన్న మాటే. కోయకూడదన్న ఆ మాటకి కట్టె మిగిలింది, నా భుజం తెగింది. ఆయనతో వాదించలేదు. వాదించినా పాయింట్ త్రీ వన్ ఫైవ్ తన్ను నాకు సగం కూడా ఎక్కువేనని డాక్టరు మాట ఉండనే ఉంది. అనుమతుల కోసం తిరిగి తిరిగి, బరువైన గొట్టం, సర్దుకునే పొట్టి కట్టె ఉన్న పాయింట్ టూ టూ తీసుకున్నాను. నాయనది అలమరలోనే ఉంచాను, పూజకి తీస్తాను.

ఆ ఏడు పారివేటకి నేను కొత్త రైఫిల్‌తో వెళితే మొదట నవ్వులు. సిన్నాయన దాన్ని తిప్పి చూసి "ఇది ఉడతకి సరి. జింకకి సాలునా?" అన్నాడు.

"అది చెక్క జింక, సిన్నాయనా. దేనికి సస్తాది?" అన్నాను.

నిలబడి కొట్టలేదు. కూర్చుని, ఇసుక సంచి మీద ఆనించాను. మా తాతలు కూడా కొమ్మ మీద ఆనించే కొట్టేవారట, ఎవరూ అడ్డు చెప్పలేదు. మూడూ కొట్టాను. కళ్ళు మూయలేదు. చప్పుడు ఎండుపుల్ల విరిచినంత. పిల్లలు "అంతేనా?" అన్నారు. సిన్నాయనే లేచి నడిచి వెళ్ళి చెక్క మీద వేలితో వెతికాడు. ఛాతీ మీద, అరచేతిలో పట్టేంత చోటులో మూడు చిన్న చిల్లులు. తిరిగి వచ్చి కూర్చున్నాడు.

భోజనాలయ్యాక అందరూ కార్ల దగ్గరికి కదిలారు. సిన్నాయన కోచ్‌ని ఉండమని, నా దగ్గరికి వచ్చాడు. "ఆ సిన్న తుపాకి ఒక తూరి ఇయ్యి" అన్నాడు. కోచ్ పక్కనే నిలబడ్డారు. డెబ్బై దాటిన మనిషి బల్ల దగ్గర కూర్చుని, దాన్ని భుజానికి చేర్చి, ఒక్క గుండు పేల్చాడు.

"నొచ్చలేదే" అన్నాడు. తర్వాత నా వైపు చూడకుండా అన్నాడు, "మీ నాయనకి గూడ సాన నొచ్చేది. పారివేట అయినాక ఇద్దరం బావి కాడ మోటారు రూములో తలుపేసుకొని ఒకరికొకరం నూనె పూసుకొనేది. ఎవురికీ సెప్పకూడదని ఒట్టు."

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. చనిపోయిన మనిషి మీద, బతికున్న మనిషి మీద, ఇద్దరి మీదా. "ముందే సెప్పుంటే నా సెయ్యి మిగిలుండునే, సిన్నాయనా" అన్నాను. ఆయన తలవంచుకుని రైఫిల్ నాకు అందించాడు.

ఇప్పుడు నా చెయ్యి రెండో అరలోని డబ్బా అందుకుంటుంది, మూడో అరకి ఇంకా వెళ్ళదు. డాక్టరు వెళ్ళకపోవచ్చు కూడా అన్నారు. షుగర్ మాత్రలు మానను, గోడ మీద వేళ్ళ నడక మానను. వచ్చే పారివేటకి మరో రెండిళ్ళ వాళ్ళు పాయింట్ టూ టూ గురించి అడుగుతున్నారు, భుజం నొప్పి గురించి మాత్రం ఎవరూ మాట ఎత్తలేదు.

మీలో ఎవరైనా తుపాకి ఎంచుకోవలసి వస్తే నేను చెప్పేది ఒకటే. గుండు లేదని రెండుసార్లు చూసుకుని, తుపాకిని గోడ వైపు పెట్టి, కళ్ళు మూసుకుని దాన్ని భుజానికి ఎత్తండి. కళ్ళు తెరిచేసరికి మీ మెడ సాగి ఉంటే, లేదా చెయ్యి చాచి ఉంటే, అది మీ నాయనదైనా సరే, మీది కాదు.