బోర్లించిన ఫారం

గవర్నర్‌పేటలో మా ల్యాబ్ తలుపు తీయగానే జైలీన్ వాసన ముక్కుకు తగులుతుంది. గడ్డ నుంచి తీసిన ముక్క మీది మైనాన్ని కడిగే ద్రవం అది. ఆ వాసనతో పాటే రజియా మేడమ్ గుర్తొస్తారు. మైక్రోస్కోపులో చూడడం నాకు నేర్పింది ఆవిడే. పోయి మూడేళ్ళయింది. స్లైడు చూసే ముందు పేషెంటు ఫారాన్ని బల్ల మీద బోర్లించడం ఆవిడ అలవాటు. "కాగితం ముందే చెవిలో ఊదుద్దమ్మా. ఇక కళ్ళు దాని మాటే వింటాయి" అనేవారు. చాదస్తం అనుకునేదాన్ని. కొత్తగా డిగ్రీ చేతికొచ్చిన పొగరు మరి.

ఒకరోజు గుణదల నుంచి మరియమ్మ గారనే టీచరు స్లైడు వచ్చింది. ఎప్పుడో రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గింది. ఇప్పుడు ఊపిరితిత్తిలో చిన్న గడ్డ. పాతదే పాకి ఉంటే మందులతో నెట్టుకురావడమే. అక్కడే కొత్తగా పుట్టి ఉంటే కోసి తీసేయొచ్చు. నేను ముందు ఫారం చదివాను. రొమ్ము క్యాన్సర్‌ను పట్టించే హార్మోను స్టెయిన్ అనే రంగు పరీక్ష ఒక్కటే వేయించాను. అక్కడక్కడా గోధుమరంగు తేలింది. ఇంకేముంది, పాతదే పాకిందని చేత్తో రిపోర్టు రాసి మేడమ్ సంతకానికి తీసుకెళ్ళాను.

ఆవిడ ఫారం బోర్లించి స్లైడును చాలాసేపు చూశారు.

"ఈ రంగు ఊపిరితిత్తి క్యాన్సర్‌లోనూ అప్పుడప్పుడు పడుద్ది. లంగ్ మార్కరు వేయించావా పద్మా?"

"లేదు మేడమ్. హిస్టరీ ఉంది కదండీ."

"హిస్టరీ ఫారంలో ఉంది. గడ్డలో ఏముందో చూడు."

మర్నాడు మరో రెండు స్టెయిన్లు వచ్చాయి. రొమ్ముకు సంబంధించినదానిలో గోధుమరంగు జాడే లేదు. ఊపిరితిత్తిదానిలో మాత్రం క్యాన్సర్ కణాల కేంద్రకాలన్నీ ముదురు గోధుమరంగులో ఉన్నాయి.

రిపోర్టు కోసం మరియమ్మ గారే వచ్చారు. "ఇది పాతది కాదమ్మా, కొత్తది. చిన్నగా ఉంది, ఆపరేషన్ చేయొచ్చంటున్నారు మీ డాక్టరు గారు. పట్టుకుంది మా పద్మ" అన్నారు మేడమ్. నేను నోరు తెరవబోతే చూపుతోనే ఆపేశారు. మరియమ్మ గారు వెళ్ళాక మేడమ్ నా తప్పుడు రిపోర్టు నా చేతిలో పెట్టి, "చించకు, దాచుకో" అన్నారు. తిట్టినా బాగుండేది.

ఇప్పటికీ ప్రతి క్రిస్మస్‌కీ మరియమ్మ గారు కేకు తెస్తారు. "మీరు కనిపెట్టబట్టే ఇట్టా తిరుగుతున్నానండీ" అని నా చేతులు పట్టుకుంటారు. నిజం చెప్పేయాలని ప్రతిసారీ అనుకుంటాను, చెప్పలేను, సిగ్గుతో చచ్చిపోతాను. ఆవిడ మెట్లు దిగిన తర్వాత సొరుగు తీసి ఆ కాగితం చూస్తాను. పైన ఆవిడ పేరు, కింద నా చేతిరాత. దాన్ని మళ్ళీ లోపల పెట్టి, తర్వాతి పేషెంటు ఫారం బోర్లించి, స్లైడు అందుకుంటాను.