ఎడమ పక్క ముడి

దయ్యం కథ ఎవరు మొదలుపెట్టినా మా ఇంట్లో ముందు నవ్వేది నేను. గొర్రెల మంద వెంట నల్లమల అంచున, చేలల్లో ఎన్ని రాత్రులు పడుకున్నానో లెక్కలేదు. చిరుతపులికి భయపడ్డాను, తేలుకు భయపడ్డాను. పోయినవాళ్ళకు మాత్రం ఎన్నడూ భయపడలేదు. ఇప్పుడూ భయం అనను. కానీ ఇది తలుచుకుంటే ఒకచోట కుదురుగా కూర్చోలేను.

మాది గిద్దలూరుకు దగ్గర పల్లె. నాకు మూడు కాన్పులు, మూడోది కవలలు. మా వైపు బాలింత పొట్టకు పాత నేత చీరె పేలిక బిగించి చుట్టి నలభై రోజులు ఉంచుతారు. దాన్ని నడికట్టు అంటారు. మూడు కాన్పులకూ మా అత్తే కట్టింది. ఆమెది పుర్రచేతి వాటం, పనంతా ఎడమ చేత్తోనే. మూడు చుట్లు చుట్టి, ఎడమ పక్క ముడి వేసి, కొస లోపలికి దోపి, పైన బొటనవేలితో ఒకసారి నొక్కేది. గొర్రెల తాళ్ళు పేని పేని ఆ వేలు కాయ కట్టి గరుకుగా ఉండేది.

మూడో కాన్పు నడి ఎండాకాలంలో అయింది. మందకు నీళ్ళు మోసే దిక్కు లేక తొమ్మిదో రోజే కట్టు విప్పేసి లేచాను.

"ఇప్పుడు ఇప్పినావంటే పొట్ట నీ మాట ఇనదు మే. మిగిలిన ముప్పై ఒక్క రోజులు ఎవురు కడతారు నీకు?" అంది అత్త. నాకు పొట్ట కనపడలేదు, ఎండకు నాలుక చాపిన గొర్రెలు కనపడ్డాయి.

ఆమె మాటే నిలిచింది. పొట్ట ఐదో నెలలా అట్లాగే ఉండిపోయింది. బస్సు ఎక్కితే ఆడవాళ్ళు జరిగి చోటిచ్చేవాళ్ళు. నలభై దాటినదాన్ని పట్టుకుని "ఎన్నో నెల వదినా?" అని అడిగేవాళ్ళు. మొదట్లో నవ్వేదాన్ని. తర్వాత బస్సు ఎక్కడమే తగ్గించాను. పోనుపోను బొడ్డు దగ్గర నిమ్మకాయంత గడ్డ పొడుచుకొచ్చింది, దగ్గితే ప్రాణం పోయేది. అప్పటికి అత్త చనిపోయి ఎనిమిదేళ్ళు.

ఒంగోలులో డాక్టరమ్మ చూసి, కాగితం మీద బొమ్మ వేసి చెప్పింది. పొట్ట కండలు మధ్యలో విడిపోయి పక్కలకు జరిగాయి, ఆ సందులోంచి పేగు తోసుకొస్తోంది అంది. కండలు దగ్గరికి లాగి లోపల కుట్టి, వేలాడే చర్మం తీసేయాలి, టమ్మీ టక్ అంటారు అంది.

మా ఆయన చెన్నయ్య ఆ బొమ్మ చూసి, "ఇది సినిమావోళ్ళు చేయించుకునేది గదమ్మా. రేపు మా ఆడమనిషి గొర్రెల కాడికి పోతుందా, షూటింగ్‌కు పోతుందా?" అన్నాడు. డాక్టరమ్మ కూడా నవ్వింది. నవ్వి, వెంటనే గట్టిగా చెప్పింది. "ఆరు వారాలు బరువులెత్తకూడదు. లోపలి కుట్లు తెగితే మళ్ళీ కుట్టడం చాలా కష్టం. అప్పుడు నువ్వు జన్మలో బిందె ఎత్తలేవు."

బిందె ఎత్తలేని ఆడదానికి మా ఇంట్లో పనేముంది. ఆ మాట నాలో దిగబడిపోయింది.

ఆపరేషన్ తర్వాత ఎట్లా ఉంటుందో మా ఊళ్ళో చెప్పేవాళ్ళు లేరు కాబట్టి చెబుతున్నాను. నిటారుగా నిలబడలేరు. ముసలమ్మలా వంగి నడవాలి. మొదటి రోజు సాయంత్రమే నడిపిస్తారు, కాళ్ళల్లో రక్తం గడ్డకట్టకుండా. పడుకుంటే మోకాళ్ళ కింద దిండ్లు. దగ్గొస్తే పొట్టకు దిండు అదుముకోవాలి. నాకు రెండు పక్కలా సన్నటి గొట్టాలు పెట్టి, వాటి చివర బుడ్డీలు తగిలించారు. వాటిలోకి ఎర్రటి నీరు దిగేది. నా పెద్ద కూతురు సుజాత పూటపూటా అది కొలిచి రాసేది. బుడ్డీలు ఎనిమిదో రోజు తీశారు. వీటన్నిటి మీద వెడల్పాటి బెల్టు, స్నానానికి తప్ప తీయకూడదు.

ఇంకొకటి ఎవరూ ముందు చెప్పలేదు. బొడ్డు కింద చర్మం మొద్దుబారిపోయింది. డాక్టరమ్మ సూదితో గుచ్చి, "తెలుస్తోందా?" అంటే ఏమీ తెలియలేదు. నరాలు మళ్ళీ అతుక్కోవాలి, నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది అంది.

మూడో రోజు మధ్యాహ్నం సుజాత బట్టలు ఉతకడానికి పోయింది. నేను కళ్ళు మూసుకున్నాను గాని నిద్రపోలేదు. పగలు పడుకోవడం ఎరగని ఒళ్ళు, ఎప్పుడెప్పుడు లేద్దామా అని కొట్టుకుంటోంది. అప్పుడు పొట్ట మీద ఒక చెయ్యి పడింది. కుడి నుంచి ఎడమకు నిమిరి, ఎడమ పక్కన బొటనవేలితో ఒకసారి నొక్కింది. గరుకు వేలు.

కళ్ళు తెరిచాను. గదిలో ఎవరూ లేరు. బెల్టు బెల్టు లాగే ఉంది. దాని కిందికి నా వేళ్ళు పోనిచ్చి అదే చోట గీరి చూసుకున్నాను. ఏమీ తెలియలేదు. నా చెయ్యి తెలియని చోట, ఇంకొక చెయ్యి తెలిసింది.

డాక్టరమ్మకు చెప్పాను. తెగిన నరాలు అట్లాంటి మోసాలు చేస్తాయి అంది. నమ్మాను. ఇంటికొచ్చాక కూడా రెండు మూడుసార్లు అట్లాగే అయింది, అంతా పగటిపూటే. మోసమే అనుకున్నాను.

పదిహేడో రోజు. మా ఆయన మంద తోలుకుపోయాడు. సుజాత నాకు ఒళ్ళు తుడిచి, బెల్టు ఉతికి తీగ మీద ఆరేసి, "మా, నేను గిద్దలూరు పోయి మాత్రలు తెస్తా. అది ఆరేదాకా మంచం దిగొద్దు, నీకు దండం పెడతా" అని పోయింది. మంచం మీద నా పాత నేత చీరె పరిచి ఉంది. మాత్ర మత్తుకు కాసేపు కన్ను మూతపడింది.

దొడ్డిలో గొర్రె అరుపుకు మెలకువ వచ్చింది. ఈనే రోజులు దగ్గరపడ్డ చూడి గొర్రెను మందతో పంపకుండా ఆపాము. లేచి చూస్తే అది పలకరాళ్ళ గోడ పక్క గుంటలో వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. చూడి గొర్రె అట్లా పడితే తనంతట లేవలేదు, కడుపుబ్బి చచ్చిపోతుంది. తల్లీ పోతుంది, లోపలిదీ పోతుంది.

బరువులెత్తొద్దన్న మాట నాకు గుర్తుంది. అబద్ధం చెప్పను, గుర్తుంది. కానీ మాకు బరువంటే మూట, బిందె, కట్టెల మోపు. గొర్రెను ఎవరం బరువు అనం. పిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంటాం. అంత మాత్రమే నాకు తోచింది. వంగి నడుస్తూ దొడ్డిలోకి పోయాను. నడుముకు బిగువుగా ఉంది. బెల్టే కదా అనుకున్నాను, పదిహేడు రోజుల అలవాటు.

గొర్రె కింద చేతులు పెడదామని వంగబోయాను. వంగలేకపోయాను. నొప్పి కాదు. ఎవరో వెనక నుంచి పట్టుకుని ఆపినట్టు నడుము కదలలేదు. మళ్ళీ బలం పెట్టాను. తల ఎత్తితే ఎదురుగా తీగ మీద నా బెల్టు నీళ్ళు కారుతూ కనపడింది.

అప్పుడు చూసుకున్నాను. పొట్టకు మూడు చుట్లు నేత చీరె. ఎడమ పక్క ముడి. కొస లోపలికి దోపి ఉంది.

గోడ పట్టుకుని అరిచాను. పక్కింటి ఓబులమ్మక్క పరిగెత్తుకొచ్చి, గొర్రెను ఒక్క ఊపున బోర్లించి నిలబెట్టింది. "నువ్వు ఎత్తేదానికి వచ్చినావా? ఆ డాక్టరు కోసింది పొట్టనా, బుద్ధినా?" అని నన్ను రెక్క పట్టుకుని మంచం మీద పడుకోబెట్టింది. కట్టు ఆమె కట్టలేదు. సుజాత గిద్దలూరు నుంచి వచ్చి తనూ కట్టలేదంది.

మత్తులో నేనే కట్టుకున్నానేమో అని ఇప్పటికీ అనుకుంటాను. పడుకున్న మనిషి నడుము కిందుగా మూడు చుట్లు చుట్టాలంటే మూడుసార్లు నడుము లేపాలి. నాకు అప్పుడు ఒక్కసారి లేపడమే గగనం.

సాయంత్రం మా ఆయన వచ్చి ఆ ముడి చూశాడు. వేలితో తడిమాడు. "సుజాతా, ఇది నువ్వు ఇప్పలేవు. తిరగేసి ఉండాది. మా అమ్మ తాడు ఇట్లనే ఏసేది" అని తనే కూర్చుని విప్పాడు. మరుసటి రోజు గొర్రె ఈనింది.

ఒంగోలు పోయినప్పుడు డాక్టరమ్మకు గొర్రె సంగతి ఒక్కటే చెప్పాను. ఆమె ముఖం మారిపోయింది. "ముప్పై కిలోలు ఎత్తి ఉంటే ఆ రోజే కుట్లు పోయేవి" అంది.

ఇప్పుడు బిందె ఎత్తుతున్నాను. బస్సులో నిలబడే పోతున్నాను, ఎవరూ చోటివ్వడం లేదు. చర్మానికి కొంచెం కొంచెంగా స్పర్శ తిరిగి వచ్చింది. వచ్చిన చోటల్లా ఆ చెయ్యి తెలియడం మానేసింది.

ఎడమ పక్కన బొటనవేలంత చోటు మాత్రం ఇంకా మొద్దుగానే ఉంది. ఆ గరుకు వేలు ఇప్పుడు అక్కడొక్కచోటే తెలుస్తుంది. పోయినసారి డాక్టరమ్మ, "అంతటా తెలుస్తోందా?" అని అడిగింది. తెలుస్తోందని చెప్పాను. ఎందుకట్లా చెప్పానో నాకూ తెలియదు.