మెంతికూర తొట్టిలో బంతి

మొన్న శనివారం కెల్లర్‌లో, అంటే బిల్డింగు అడుగున ఉండే సామాన్ల గదిలో, పాత సామాను సర్దుతుంటే, అట్టపెట్టెల వెనకనుంచి ప్లాస్టిక్ తొట్టి ఒకటి బయటపడింది. అడుగున ఎండి గట్టిపడిన మట్టి, ఆ మట్టిలో సగం దిగబడిన ఒక బంతి. ఒకప్పుడు తెల్లగా ఉండేది, ఇప్పుడు పాతబడిన పుస్తకం రంగుకి వచ్చింది. ఎర్రదారం కుట్లు మాత్రం అలాగే ఉన్నాయి. మా అమ్మాయి దాన్ని గోళ్ళతో పెకలించి, రెండు చేతుల్లో పట్టుకుని, బరువుకి ఆశ్చర్యపోయి, ఇది టెన్నిస్ బంతి కాదు, మరి ఎవరిదని జర్మన్‌లో అడిగింది. నానమ్మది అని తెలుగులో చెప్పాను. మా ఇంట్లో మాటలు ఇలాగే నడుస్తాయి, ఎవరి భాషలో వాళ్ళం. నానమ్మ బాల్ ఆడేదా అని దాని రెండో ప్రశ్న. ఆడేది కాదు, చూసేది అన్నాను. అంత చిన్న జవాబుతో సరిపెట్టడం నాకే బాగా లేదు. ఇప్పుడు అది నిద్రపోయింది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, బంతిని ఎదురుగా పెట్టుకుని, చెప్పకుండా మిగిలిపోయినది రాస్తున్నాను.

మేము అప్పుడూ ఇప్పుడూ ఉండేది కైసర్స్‌లౌటర్న్ పక్కన ఒక చిన్న ఊళ్ళో. మా ఆయన పరిశోధన సంస్థకి అక్కడినుంచి బస్సు ఉంది, అద్దె కూడా కాస్త తక్కువ. మూడో అంతస్తులో మా బాల్కనీ, దాని కింద కంచె, కంచె అవతల బేస్‌బాల్ మైదానం. ఈ చుట్టుపక్కల అమెరికా సైనికుల కుటుంబాలు చాలా ఉంటాయి కాబట్టి జర్మనీలో ఇంకెక్కడా పెద్దగా పట్టించుకోని ఆ ఆటకి ఇక్కడ ఒక క్లబ్బు, దానికి జీతం ఇచ్చి తెచ్చుకున్న ఇద్దరు ముగ్గురు ఆటగాళ్ళు ఉండేవారు. ఇల్లు చూసినరోజే మా ఆయన, క్రికెట్ తప్ప మరొకటి ఆటే కాదనుకునే మనిషి, వీళ్ళ గోల భరించాలా అని విసుక్కున్నాడు. నాకు గోల గురించి కాదు, బంతి వచ్చి కిటికీకి తగులుతుందేమోనని భయం. నేను అన్నిటికీ ముందే భయపడి పెట్టుకునే రకం.

కాన్పుకి మా అమ్మ రావాల్సింది. మోకాలి నొప్పితో ఆమె ఆగిపోయి, జనగామనుంచి మా అత్తమ్మ వచ్చింది, రెండు కిలోల మెంతులు, ఒక డబ్బా నిండా సున్నిపిండి పట్టుకుని. పాప పుట్టిన కొద్దిరోజులకే దేశాలన్నీ తలుపులు మూసుకున్నాయి. మూణ్ణెల్ల వీసా మీద వచ్చిన మనిషికి ఆఫీసువాళ్ళు గడువు పెంచుతూ పోయారు. టెర్మిన్ తీసుకుని ఆఫీసుకి వెళ్ళే పని కూడా లేదు, అంతా ఈమెయిల్‌లోనే. అలా అత్తమ్మ మా దగ్గర ఏడాది ఉండిపోయింది. మాది విజయవాడ. పెళ్ళయిన కొత్తల్లో ఆమె మాట నాకు, నా మాట ఆమెకి కొంచెం కరుగ్గా వినిపించేవి. చిన్న ఇంట్లో తలుపు మూసుకుని ఏడాది గడిపాక ఎవరి మాట ఎవరిదో గుర్తుపట్టడం కష్టమైంది.

ఎండాకాలంలో జనం లేకుండా మ్యాచ్‌లు మొదలయ్యాయి. చప్పట్లు లేని ఆ ఆటకి ఉన్న ప్రేక్షకులు బహుశా మా బిల్డింగువాళ్ళమే, అందులో టిక్కెట్టు కొన్నంత శ్రద్ధగా చూసింది అత్తమ్మ ఒక్కతే. పాపని ఒళ్ళో వేసుకుని, మెంతికూర తొట్ల మధ్య కుర్చీ వేసుకుని కూర్చునేది. మా ఆయన పక్కన నిలబడి క్రికెట్ లెక్కలో అంతా తప్పుగా వివరించేవాడు. కొన్నాళ్ళు విని, ఆమె తనే అర్థం చేసుకుంది. మైదానంలో పరుగెత్తేవాడు తాకాల్సిన తెల్లటి మెత్తటి బేస్‌లని ‘మెత్తలు’ అనేది, వాళ్ళ వైపు దిండుని అలాగే అంటారు. "ఇగ చూడు. ఇంట్ల నుంచి ఎల్లుడు, మూడు మెత్తలు ముట్టుడు, మల్ల ఇంటికి వచ్చుడు. ఇల్లు చేరితేనే లెక్క. నడుమల ఎంత ఉరికినా లెక్కల రాదు" అని ఒకరోజు నాకు పాఠం చెప్పింది. బ్యాటు పట్టుకుని నిలబడే చోటుని అక్కడ నిజంగానే ఇల్లు అంటారని మా ఆయన ఫోన్‌లో చదివి చెబితే, మరేమంటారన్నట్టు చూసింది. మూడో మెత్తదాకా వచ్చినవాణ్ణి అక్కడే వదిలేసి వంతు అవతలి జట్టుకి మారిపోతే మాత్రం ఆమెకి ప్రాణం ఉసూరుమనేది. ఇంటి ముంగటికొచ్చి ఆగిపాయె పిలగాడు అని, ఆ పూట కాస్త తక్కువ తినేది.

ఆటగాళ్ళకి ఆమె పెట్టిన పేర్లే మాకు తెలుసు. బంతి విసిరే పొడుగుపిల్లగాడు, అతను విసిరింది ముక్కాలి పీట మీద కూర్చున్నట్టు కూర్చుని పట్టుకునే బొద్దుపిల్లగాడు, మైదానం దాటించి కొట్టే గడ్డపాయన. ఈ ముగ్గురూ జీతంవాళ్ళు. శిక్షణ ఇచ్చే ముసలాయన ఎప్పుడూ టోపీతో ఉండేవాడు కాబట్టి టోపాయన. ఆమె పైనుంచి చెయ్యెత్తేది, ఆయన కిందనుంచి టోపీ ఎత్తేవాడు. ఒకసారి సర్వపిండి చేసి నాతో కంచెదాకా పంపించింది. తర్వాతి వారం ప్లమ్ పళ్ళ జామ్ సీసా ఒకటి మా మెట్ల దగ్గర ఉంది. ఒక్క మాట లేకుండా ఇంత చక్కటి స్నేహం నేను మరొకటి చూడలేదు.

ఇక్కడ స్నానం సంగతి చెప్పాలి. పాపకి రెండో నెలలో, నూనె రాసి నీళ్ళ తొట్టిలో ఒక చేత్తో పట్టుకుని నీళ్ళు పోస్తుంటే, నా చేతిలోంచి జారి బోర్లా పడింది. గుమ్మం దగ్గరున్న అత్తమ్మ ఒక్క అంగలో వచ్చి ఎత్తేసింది. పాపకి ఏమీ కాలేదు, రెండుసార్లు దగ్గి ఏడుపు అందుకుంది. నాకు మాత్రం ఆ తర్వాత తడిసిన పిల్లని ముట్టుకోవాలంటే భయం పట్టుకుంది. అత్తమ్మ నన్నేమీ అనలేదు. మర్నాటినుంచి తనే బాత్‌టబ్‌లో దిగి, కాళ్ళు చాపుకుని, పిల్లని కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసింది. నేను తువ్వాలు పట్టుకుని దూరంగా నిలబడేదాన్ని. ఆన్‌లైన్‌లో దొరికిన తల్లుల గుంపుల్లో ప్రతి జబ్బు గురించీ చదివే నేను, నా పిల్లకి నేను స్నానం చేయించలేనని ఎవరికీ రాయలేదు.

ఆకులు రాలే వేళకి మైదానం ఖాళీ అయింది. జనం లేరు, సాసేజ్‌ల బండి లేదు, డబ్బిచ్చే టైర్ల షాపువాళ్ళు చేతులెత్తేశారట. ముందు గడ్డపాయన పెద్ద ఊరి జట్టుకి వెళ్ళిపోయాడు. తర్వాత బొద్దుపిల్లగాడు. కింద అంతస్తులోని జర్మన్ ఆవిడ ఈ వార్తలన్నీ మాస్కులోంచి మెట్ల మీదే చెప్పేది. పొడుగుపిల్లగాడు వెళ్ళేముందు సామాను సంచీ భుజాన వేసుకుని కంచె దగ్గరకొచ్చి, పైకి చూసి చెయ్యూపి, ఒక బంతి మెల్లగా పైకి విసిరాడు. అది తిన్నగా వచ్చి మెంతికూరలో పడింది. నాలుగు మొక్కలు విరిగాయి. మరొకరైతే అత్తమ్మ తిట్టేదే, ఆ రోజు మాత్రం, "ఇంటికి పోతున్నడు. ఏడాదైందట వాళ్ళమ్మను చూడక" అంది. ఆ సంగతి ఆమెకి ఎవరు చెప్పారో నాకు తెలియదు, బహుశా ఎవరూ చెప్పలేదు.

చలికాలమంతా టోపాయన కొత్త జట్టు కట్టుకున్నాడు. నిబంధనలు సడలినప్పుడల్లా ఊళ్ళోని బడిపిల్లలు నలుగురైదుగురు వచ్చేవారు. ఏం పట్టేవారు కాదు. తేలిగ్గా వచ్చిన బంతి కూడా చేతి తొడుగుకి తగిలి కిందపడేది. అత్తమ్మ దుప్పటి కప్పుకుని చూస్తూ, ఇగ గెలిచినట్టే, వీళ్ళు అన్నం ముద్దన్న పట్టుకుంటరో లేదో అనేది. వింతేమిటంటే, పిల్లవాడు బంతి జారవిడిచినప్పుడు టోపాయన అరిచేవాడు కాదు. వెనక్కి తిరిగి, చేతులు కట్టుకుని, అటు రోడ్డు మీద పోయే బస్సుని చూస్తూ నిలబడేవాడు. పిల్లవాడు ఎవరూ చూడలేదనుకుని గబగబా బంతి ఏరుకుని మళ్ళీ విసిరేవాడు. ఆయనకి పిల్లల మీద పట్టింపే లేదని నేనంటే, అత్తమ్మ ఆయన వీపునే చూస్తూ ఉండిపోయింది.

హన్మకొండలో మా ఆడపడుచుకి నెలలు నిండుతున్నాయి. అత్తమ్మకి టికెట్ దొరికింది. ఆమె పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టిన రోజునుంచి నాకు అన్నం సహించలేదు. ఇంకో రెండు నెలలు ఉండిపొమ్మని అడిగాను. ప్రయాణంలో ప్రమాదం, అక్కడ ఆసుపత్రులు అంటూ ఏవేవో చెప్పాను. అన్నీ విని ఆమె, "నా బిడ్డకు నేను పోకుంటే ఎవరు పోతరు? నీ బిడ్డకు నువ్వున్నవు కద" అంది. నేనున్నాననే కదా నా భయం.

ఆ మర్నాడు మధ్యాహ్నం పాపకి నూనె రాసి, నా ఒళ్ళో పెట్టి, ఆట చూసొస్తా అని బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. పిలిచాను. అద్దంలోంచి ఆమె వీపు కనిపిస్తోంది, కదలలేదు. కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. పిల్ల నా మెడ మీద నూనె చేతులతో కొడుతోంది. చివరికి బట్టలతోనే టబ్‌లో కూర్చుని, ఆమెలాగే కాళ్ళు చాపి, పిల్లని కాళ్ళ మీద పడుకోబెట్టాను. సున్నిపిండి రుద్దుతుండగా అది ఒక్కసారి పక్కకి దొర్లింది. నా మోకాలు ముందు లేచింది, తర్వాత చెయ్యి వెళ్ళింది. పట్టుకున్నాను. పిల్ల నవ్వింది. ఎంతసేపు అలా పట్టుకునే కూర్చున్నానో తెలియదు, నీళ్ళు చల్లబడ్డాయి.

తువ్వాలు చుట్టి తీసుకొచ్చి బాల్కనీ తలుపు తీశాను. అత్తమ్మ వెనక్కి తిరగకుండానే, "చెవులల్ల నీళ్ళు పోలేదు కద?" అని అడిగింది. లేదత్తమ్మా అన్నాను. అప్పుడు కిందకి చూశాను. మైదానంలో ఎవరూ లేరు. గేటుకి తాళం వేసి ఉంది. ముందురోజునుంచి ప్రాక్టీసు మళ్ళీ ఆపేశారని తర్వాత తెలిసింది. ఆమె రెండు చేతులూ రెయిలింగుని బిగించి పట్టుకుని ఉన్నాయి. తీసేసరికి అరచేతుల మీద ఇనుప గీతలు పడి ఉన్నాయి. ఆట ఎలా ఉందని అడిగాను. "మంచిగనే ఆడిన్రు" అంది, పాపని అందుకుంటూ.

వెళ్ళేదాకా మిగిలిన రోజులన్నీ నేనే స్నానం చేయించాను. ఆమె రోజూ ఆ ఖాళీ మైదానం చూసింది. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో ముఖానికి మాస్కు, దానిపైన ప్లాస్టిక్ తెర వేసుకుని, లోపలికి వెళుతూ ఆమె ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. మా ఆయన నొచ్చుకున్నాడు. నేను నొచ్చుకోలేదు.

వేసవిలో కొత్త జట్టు మొదటి మ్యాచ్ ఆడింది. చిత్తుగా ఓడింది. సాయంత్రం వీడియో కాల్‌లో అత్తమ్మ, పక్కన ఆడపడుచు కొడుకు ఏడుస్తుండగా, ఎంతమంది ఇల్లు చేరిన్రని అడిగింది. ఒక్కడే అన్నాను, చలికాలమంతా బంతులు జారవిడిచిన ఆ చిన్నవాడే అని. "ఒక్కడన్న చేరిండు కద" అని, టోపాయనకి చెయ్యెత్తమని నాకు పని చెప్పింది. మర్నాడు బాల్కనీలోంచి చెయ్యెత్తాను. ఆయన టోపీ ఎత్తి, నా పక్కన ఖాళీగా ఉన్న కుర్చీని చూసి, మరోసారి ఎత్తాడు.

ఆ రోజుల్లో కాలం ఆగిపోయిందని అందరం అనుకునేవాళ్ళం. ఇవాళ ఈ బంతిని చేతిలో పట్టుకుంటే, ఆ కాలం ఎక్కడికీ పోకుండా, జారవిడిచినది మేము ఏరుకునేదాకా మాకు కాసేపు వీపు తిప్పి నిలబడిందేమో అనిపిస్తోంది.